ముల్లు విరగకుండా లేపాక్షి దాకా

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. రాత్రి తొమ్మిది దాటింది. లేపాక్షి గుడి బొమ్మలు గీసుకోవడానికి రేపు సాయంత్రం రైలు. ఇంకా ఒక్క చీరా సర్దలేదు గానీ సుభద్ర మాత్రం హాల్లో చాప పరుచుకుని, ఇంట్లో ఉన్న చిల్లరమల్లర సామానంతా ముందు గుమ్మరించుకుని కూర్చుంది. బొమ్మలెయ్యడం ఆవిడకి రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి. పిచ్చి చవకదే, ఇంట్లో వస్తువులకే రక్షణ లేకుండా పోయింది. చలపతి బ్రష్షు చేత్తో పట్టుకుని బాత్రూంలోంచి వచ్చాడు.)

చలపతి: నా బ్రష్షు మూత ఏదే?

సుభద్ర: కడిగి ఆరబెట్టాను.

చలపతి: ఆరాక?

సుభద్ర: నాతో లేపాక్షి వస్తుంది.

చలపతి: మూత లేపాక్షి వస్తుంది, మరి బ్రష్షో?

సుభద్ర: అదీ వస్తుందండీ, కవర్లో చుట్టుకుని వస్తుంది. సంచిలో ఏ దువ్వెనకో రాసుకున్నా మీ బ్రష్షుకేం కాదు. నా సిక్స్‌బీ పెన్సిల్ తాళాలగుత్తికి తగిలిందంటే ముల్లు పుటుక్కుమంటుంది. ఉండవల్లి గుహల దగ్గర చూశారుగా, అన్ని మెట్లూ ఎక్కి సంచి తీస్తే ఒక్క పెన్సిల్‌కీ ముక్కు లేదు. ఆ మూతలో రెండు పెన్సిళ్ళ ముక్కులు పెట్టి రబ్బరు బ్యాండు వేస్తే కదలవు.

చలపతి: లోకంలో షార్ప్‌నర్ అనేది ఒకటి ఉంది, విన్నావా? చిల్లర పెడితే వస్తుంది.

సుభద్ర: మీరు ఆఫీసులో టిక్కులు పెట్టుకున్న హెచ్‌బీకి సరిపోతుంది షార్ప్‌నరు. పెన్సిల్ లోపలిది గ్రాఫైటూ బంకమట్టీ కలిపి కాల్చిన పుల్లండీ. బీ పక్కన అంకె పెరిగేకొద్దీ మట్టి తగ్గి గ్రాఫైటు పెరుగుతుంది, నల్లగా, మెత్తగా గీస్తుంది, అంతే తేలిగ్గా విరుగుతుంది. దాన్ని షార్ప్‌నర్‌లో తిప్పితే ముల్లు లోపలే విరిగి ఇరుక్కుని, దాన్ని పిన్నీసుతో పొడిచి తీసేసరికి ఎదురుగా గీస్తున్నదాని మీద నీడ మారిపోతుంది. అందుకే ఇంటి దగ్గరే బ్లేడుతో చెక్కుకున్నా. చూడండి, అంగుళం పొడుగు.

చలపతి: (కళ్ళజోడు సర్దుకుని) బాగానే చెక్కావు. వేలు కూడా కొంచెం చెక్కుకున్నట్టున్నావు.

సుభద్ర: వేలు మానుతుంది. ముల్లు మానదు.

చలపతి: అంత సన్నటి ముల్లు దేనికి, మొద్దు దాంతో గియ్యి. నంది ఇరవై ఏడడుగులు ఉందంటారు, చీపురుపుల్లతో గీసినా వస్తుంది.

సుభద్ర: నందికి వస్తుంది, లతా మంటపానికి రాదు. ఆ స్తంభాల మీద గడి గడికీ ఒక డిజైను, చీర అంచుల్లోకి దింపుకుంటారు వాటిని. మీరు ఆ స్తంభానికి ఆనుకుని పులిహోర తిన్నారు పోయినసారి, వెనక్కి తిరిగి చూడలేదు.

చలపతి: పులిహోర బావుంది మరి. సరే, ఈ మట్టి కాల్చే విద్య ఎవడిది?

సుభద్ర: కోంటే అని ఫ్రాన్సు ఆయన. యుద్ధంలో ఇంగ్లండు నుంచి మంచి గ్రాఫైటు రావడం ఆగిపోతే, దొరికిన గ్రాఫైటు పొడిలో మట్టి కలిపి 1795లో పేటెంటు తీసుకున్నాడు. ఉన్నదాంతో సర్దుకున్న మనిషి, నాలాగే.

చలపతి: ఆయనా పెళ్ళాం బ్రష్షు మూత ఎత్తుకెళ్ళాడా?

(సుభద్ర జవాబు చెప్పలేదు. చలపతి ఏదో రాసుకుందామని సొరుగు లాగి అక్కడే ఆగిపోయాడు.)

చలపతి: ఇదేంటి, నా పెన్నులన్నీ బోడిగా ఉన్నాయి!

సుభద్ర: ఆ మూతలు తిరిగిచ్చేస్తా లెండి, పనికిరాలేదు. చివర్న సన్నబడిపోతాయి, కొంచెం గట్టిగా నొక్కితే ముల్లు వెళ్ళి అడుక్కి కొట్టుకుని మూతలోనే విరుగుతోంది, కంచే చేను మేసినట్టు. మూత పట్టుకోవాల్సింది చెక్కనండీ. ముల్లు దేనికీ తగలకుండా గాల్లో ఉండాలి.

చలపతి: లేపాక్షిలో స్తంభం నేలకి ఆనకుండా వేలాడుతోందని జనం కింద గుడ్డ దూర్చి చూస్తారు. రేపట్నించి నీ పెన్సిల్ కింద కూడా దూరుస్తారు.

సుభద్ర: దూర్చనివ్వండి. ఇది చూడండి, స్ట్రా. ప్లాస్టిక్‌వి 2022 జూలై నుంచి బంద్ కదా, అటక మీద పాత కట్ట ఒకటి దొరికింది. స్ట్రా సన్నం, పెన్సిల్ లావు, అందుకని ఒక పక్క నిలువునా చిన్న గాటు పెట్టాను, విచ్చుకుని చెక్కని కరుచుకుంది. ఈ చివర మడిచి స్టేప్లర్ కొట్టాను. కాగితం స్ట్రా కూడా చూశా గానీ మన బెజవాడ చెమటకే మెత్తబడిపోతోంది.

చలపతి: అవి మనవడి పుట్టినరోజుకని తెచ్చిన స్ట్రాలు కదే!

సుభద్ర: వాడు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

చలపతి: మరి ఈ రంగు రంగుల అట్టముక్కలు?

సుభద్ర: వీటిని మించింది లేదు. శుభలేఖ అట్ట. రెండంగుళాల వెడల్పు పట్టీ కత్తిరించి, పెన్సిల్ చుట్టూ బిగించి చుట్టి టేపు వేసేయడమే. ముల్లు దాటి అర అంగుళం వదిలి, ఆ మిగిలింది నొక్కి మడిచేస్తే డొప్పలాగా నిలబడుతుంది. క్యాలెండర్ కాగితం అయితే రెండు మూడు చుట్లు ఎక్కువ వెయ్యాలి, శుభలేఖకి అక్కర్లేదు, మందం.

చలపతి: ఎవరి శుభలేఖ?

సుభద్ర: మీ బాబాయి గారి మనవడిది.

చలపతి: ఆ పెళ్ళి వచ్చే గురువారం! ముహూర్తం, మండపం అడ్రసు అన్నీ అందులోనే ఉన్నాయి!

సుభద్ర: ఎక్కడికీ పోలేదండీ. ముహూర్తం టూబీ మీద ఉంది, మండపం ఫోర్‌బీ మీద. విందు సిక్స్‌బీకి వచ్చింది.

చలపతి: వాళ్ళు ఫోన్ చేసి అడిగితే పెన్సిల్ విప్పి చెప్తానంటావు. (ఉన్నట్టుండి ముక్కు ఎగరేసి) ఆగాగు... గ్యాస్ వాసన రావట్లే?

సుభద్ర: లేదే.

(చలపతి వంటింట్లోకి పరిగెత్తాడు, రెగ్యులేటర్ తిప్పాడు, కిటికీ తీశాడు, వాసన చూసుకుంటూ మళ్ళీ హాల్లోకే వచ్చాడు.)

చలపతి: స్టవ్ బాగానే ఉంది. వాసన నీ దగ్గరే వస్తోంది. ఆ చేతిలో నారింజరంగు ముక్కేంటి సుభద్రా?

సుభద్ర: మొన్న గ్యాస్ కుర్రాడు వచ్చి, అయిదేళ్ళయింది, మార్చాలని కొత్త పైపు వేశాడు కదా, ఆ పాతది. పారేసుకుంటామా? లోపలి కంత ఎనిమిది మిల్లీమీటర్లు, పెన్సిల్ ఏడు చిల్లర. కొలిచి చేయించినట్టు పట్టింది! లోపల తీగ అల్లిక ఉంది, మీద కూర్చున్నా నలగదు.

చలపతి: తీగ ఉన్నదాన్ని దేంతో కోశావు?

సుభద్ర: మీ హాక్సా బ్లేడుతో. అది కూడా అరిగిపోయిందిలెండి.

చలపతి: గ్యాస్‌కి దానంతట దానికి వాసన ఉండదు. లీకైతే తెలియాలని పనిగట్టుకుని ఆ కంపు కలుపుతారు. ఆ కంపు అయిదేళ్ళుగా పైపుకి పట్టేసింది. రాత్రి ఏసీ బోగీలో తలుపులేసి అందరూ దుప్పట్లు కప్పుకున్నాక నీ సంచిలోంచి ఈ వాసన వచ్చిందనుకో, ఎవడో ఒకడు లేచి చైన్ లాగుతాడు. లతా మంటపం మాట దేవుడెరుగు, ధర్మవరంలో దింపి రైల్వే పోలీసులు నీ బొమ్మ గీస్తారు.

(సుభద్ర పైపు ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా చెత్తబుట్టలో పడేసింది. ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో అరుదు. చలపతి ఆ అవకాశం వదులుకోలేదు.)

చలపతి: అసలు తగువంతా ముల్లుదా చెప్పు. సంచిలో అవి దొర్లడంది. పెన్సిల్ కింద పడిందంటే పైకి నిక్షేపంలా ఉంటుంది, లోపల పుల్ల ముక్కలైపోతుంది. ఆ తర్వాత చెక్కినకొద్దీ ముల్లు ఊడి చేతిలోకొస్తుంది. దానికి బ్రష్షు మూత పెట్టినా ఒకటే, కిరీటం పెట్టినా ఒకటే.

సుభద్ర: ఇది మీకెవరు చెప్పారు?

చలపతి: పొద్దున్న ఫోన్లో అరుణకి నువ్వే చెప్పావు, నేను పేపరు చదువుతున్నట్టు విన్నాను. (లోపలికెళ్ళి, వీపు వెనక ఏదో దాచుకుని వచ్చాడు.) నేనూ ఊరికే కూర్చోలేదు. చూడు.

సుభద్ర: అయ్యయ్యో, జాకెట్టు ముక్క!

చలపతి: కంగారుపడకు, మంచిదేం ముట్టుకోలేదు. పేరంటాల్లో ఒకరిచ్చింది ఇంకొకరికిస్తూ ఊరంతా తిప్పుతారే, ఆ గుట్టలోది. ఇది ఇదివరకోసారి మనింటికొచ్చి వెళ్ళింది కూడా, రంగు గుర్తుంది నాకు. కింద మూడో వంతు పైకి మడిచి, వేలు వెడల్పున నిలువు కుట్లు వేశాను. ఒక్కో అరలో ఒక్కో పెన్సిల్, ముల్లు పైకి. ఈ పై మడత దాని మీద కప్పేసి, ఇలా చుట్టేస్తే ఒకదానికొకటి తగలవు.

(సుభద్ర చుట్ట విప్పింది. కుట్లు లెక్కపెట్టింది. ఒక కుట్టు మధ్యలో వంకర తిరిగి పక్క అరలోకి వెళ్ళింది, అక్కడ గోరుతో రెండుసార్లు గీరింది. శుభలేఖ డొప్పలు వేసిన పెన్సిళ్ళు ఒక్కొక్కటే దూర్చి, చుట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. చప్పుడు రాలేదు.)

సుభద్ర: ఇక్కడ కుట్టు వంకర.

చలపతి: లావు పెన్సిల్‌కని వేశాను.

సుభద్ర: పై మడత ఇంకాస్త ఉండాల్సింది... సరే, పనికొస్తుంది. డొప్పలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి. (ముడి వేస్తూ) తాడు మాత్రం భలే గట్టిగా ఉందండీ. ఎక్కడిది?

చలపతి: దండెం మీద లంగా ఉంటే దాని బొందు లాగాను. కొస దొరికింది, సుళువుగా వచ్చేసింది.

సుభద్ర: ఏ లంగా?

చలపతి: ఆకుపచ్చది.

సుభద్ర: అది రేపు రైల్లో కట్టుకోవడానికని ఉతుక్కున్నదండీ! మిగతావన్నీ చాకలికి వెళ్ళాయి!

చలపతి: (కాసేపు తల గోక్కుని, చెత్తబుట్ట దగ్గరికి నడిచి, లోపలికి తొంగిచూస్తూ) ఈ గ్యాస్ పైపు మొత్తం ఎంత పొడుగుంటుందే?