కిటికీ బయట ఉన్నదీ బొమ్మే

సంక్రాంతికి మన ప్రవాస తెలుగు సంఘం పెట్టే పిల్లల చిత్రలేఖన పోటీలో ఏటా అవే బొమ్మలు: గంగిరెద్దు, ముగ్గు, బిందె ఎత్తుకున్న అమ్మాయి. సగం మంది ఫోను చూసి దించుతారు. ఆ బిందెను వాళ్లు ఎన్నడూ మోసి ఎరగరు. న్యాయనిర్ణేతగా వాటికే బహుమతులిచ్చాను కనుక తప్పులో నాకూ వాటా ఉంది. వచ్చే ఏడాది అంశం మారుద్దాం. రోజూ చూసేది గీయమందాం, అదీ నీటిరంగులతో.

ఈ ఆలోచన అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ బొమ్మలు చూశాక పుట్టింది. 1836లో బోస్టన్‌లో పుట్టిన హోమర్ పత్రికలకు బొమ్మలు వేసి బతికారు. అమెరికా అంతర్యుద్ధాన్నీ అలాగే గీశారు. 1873 వేసవిలో గ్లౌస్టర్ రేవులో నీటిరంగులు పట్టుకుని ఆయన గీసింది వీరులనూ దేవతలనూ కాదు, చిన్న పడవల్లో కూర్చున్న కుర్రాళ్లను. తర్వాత ఇంగ్లండులోని కల్లర్‌కోట్స్‌లో జాలరి ఆడవాళ్లను, అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో తన ఇంటి ముందు సముద్రాన్ని గీశారు.

నీటిరంగుల్లో దిద్దుకునే వీలు తక్కువ. తెలుపు కావలసిన చోట కాగితాన్నే ఖాళీగా వదలాలి. అంటే కుంచె ముంచక ముందే వెలుగు ఎక్కడ పడుతోందో చూసి ఉండాలి. హోమర్ ఒక్కోసారి ఆరిన రంగును కత్తిమొనతో గీకి నీటిమీది మెరుపు తెచ్చేవారు. ఫోనులో బొమ్మను దించే పిల్లకు ఈ తిప్పలే ఉండవు, అందుకే చూపూ అలవడదు.

ఈ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కూడా. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న 1887 నాటి హోమర్ బొమ్మలో పొలం కుర్రాడి వెనక ఆకాశం ఇప్పుడు దాదాపు తెల్లగా ఉంటుంది. పరిశోధకులు పరీక్షిస్తే ఎరుపు రంగుల జాడలు దొరికాయి. అది ఒకప్పుడు ఎర్రబారిన ఆకాశమట! అందుకే మ్యూజియంలు ఇలాంటి బొమ్మలను ఎక్కువకాలం చీకట్లోనే దాస్తాయి.

కిందటి పోటీలో ఒక పాప మంచులో నిలబెట్టిన చెత్త డబ్బాలను గీసింది. అంశం మన సంస్కృతి కదా అని పక్కన పెట్టాను. పైగా నీడ నీలంగా వేశావేమిటమ్మా అని అడిగాను. పాప ఏమీ అనలేదు. మధ్యాహ్నం కారు దగ్గరికి వెళ్తూ మంచు మీద నా నీడ చూసుకున్నాను. నీలంగానే ఉంది.