మల్టిపుల్ రిగ్రెషన్ గారికి, మీ ఎర్రర్ రాయునది

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరు పలు అంశాల్ని కలిపి ఒక ఫలితాన్ని అంచనా కట్టే గణాంక పద్ధతి, నేను మీ ఫైల్లో 27వ వరుసను. గుర్తుపట్టరు లెండి, మీకు మనుషులు కనబడరు, కాలమ్‌లే కనబడతాయి.

కాలేజీలో చేరిన వారానికే నా జాతకం రాసేశారు. స్కూలు మార్కులు, ఎంట్రన్స్ స్కోరు, అమ్మానాన్నల చదువు, ట్యూషన్‌కి వెళ్లిన గంటలు. ఒక్కోదాన్ని ఒక్కో గుణకంతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొదటి ఏడాది గ్రేడు 6.1 అన్నారు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలు ఒక్క ముక్కలో తేల్చేసిన దానికి ఇంత సమీకరణం! తీరా నాకు వచ్చింది 8.3. మిగిలిన 2.2ని ఎక్కడ పెట్టాలో తోచక ‘ఎర్రర్’ అని పేరు పెట్టారు. కష్టపడి చదివిందీ నేనే, తప్పూ నేనేనా?

మీ ట్యూషన్ గుణకానికి మైనస్ వచ్చింది. అది చూసి మా నాన్న తమ్ముడి ట్యూషన్ మాన్పించబోయారు. వెనకబడ్డవాళ్లే ఎక్కువగా ట్యూషన్‌కి వెళ్తారని ఆయనకి చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇక స్కూలు మార్కులూ ఎంట్రన్స్ స్కోరూ కవలలు, ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. గ్రేడు పెరగడంలో ఎవరి వాటా ఎంతో మీరే తేల్చలేరు. ఫైల్లోంచి నలుగురిని తీసేసి మళ్లీ లెక్కకడితే నిన్న పెద్దపీట వేసినదాన్ని ఇవాళ గడప బయట నిలబెడతారు.

ముఖస్తుతికి మీరు ఇట్టే పడిపోతారు కూడా. ఏ చెత్త కాలమ్ కలిపినా, మీ లెక్క ఎంత బాగా సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ తగ్గదు. 13 మంది విద్యార్థుల్ని, చెప్పుల సైజుతో సహా 12 కాలమ్‌లని ఇస్తే నూటికి నూరుపాళ్లూ సరిపోయిందని మురిసిపోతారు. పద్నాలుగోవాడు వచ్చి కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి.

మాకు మాత్రం ఆర్ స్క్వేర్ 0.25 వచ్చిందట. అంటే గ్రేడుల్లోని తేడాల్లో పావు వంతు మీ లెక్కకి అందింది. మిగతా ముప్పావులో మా రూమ్మేట్ ఉన్నాడు. అందరూ పడుకున్నాక, రాత్రి రెండింటికి, ఫోన్ టార్చి నోట్లో కరుచుకుని పాత ప్రశ్నపత్రం వెనకాల నాకు ఇంటిగ్రేషన్ నేర్పినవాడు. వాడికి మీ దగ్గర కాలమ్ లేదు.

ఇప్పుడు రెండో ఏడాదికి 7.4 అంటున్నారు. మీ వంశాచారమే అంత. పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు జరగడం చూసి గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1880ల్లో దానికి రిగ్రెషన్ అని పేరు పెట్టినప్పటి నుంచీ, పైనున్నవాణ్ణి కిందికీ కిందున్నవాణ్ణి పైకీ లాగి మధ్యలో కూర్చోబెడతారు.

నవ్వేసేవాణ్ణే. కానీ మొన్న మా రూమ్మేట్ వేరే హాస్టల్‌కి మారిపోయాడు. కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఇట్లు,
27వ వరుస