రెండో కౌంటరు దండగ

ఈ మధ్య మన విశాఖ కుర్రకారుకి ఒక చెడ్డ అలవాటు అబ్బింది. కచేరీ టికెట్ కొనేటప్పుడు గబగబా డబ్బు కట్టేసి ఊరుకోవడం లేదు. చివరి స్క్రీన్ దగ్గర ఆగి, మొత్తం పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కి, లోపల ఏముందో చూస్తున్నారు. అక్కడ టికెట్ ధర కింద కన్వీనియన్స్ ఫీజు, అంటే ఆన్‌లైన్‌లో కొనే సౌకర్యానికి యాప్ వేసే రుసుము, దాని కింద ఆ ఫీజు మీద జీఎస్టీ ఉంటాయి. చూసి నోరు మూసుకుంటే గొడవే లేదు. "ఈ సౌకర్యం ఎవరికి గురూ?" అని అడుగుతున్నారు.

ఎవరికేమిటి, మనకే. ఫోను మనది, డేటా మనది, గంట ముందు నుంచి రీఫ్రెష్ కొట్టే వేలు మనది. క్యూఆర్ కోడ్ మోసుకెళ్లేదీ మనమే, గేటు దగ్గర చార్జింగ్ అయిపోతే ఆ టెన్షనూ మనదే. ఇంత చాకిరీని ఇన్ని లక్షల మంది చేత ఇష్టంగా చేయించడం మాటలా? ఆ శ్రమకి ఆమాత్రం ప్రతిఫలం ఉండొద్దూ?

పైగా బలవంతమేమీ లేదు. ఆన్‌లైన్ సినిమా టికెట్ల మీద ఈ ఫీజు వసూలు చేయొద్దని మహారాష్ట్ర ప్రభుత్వం 2013, 2014లలో ఇచ్చిన ఉత్తర్వులను 2025 జులైలో బాంబే హైకోర్టు కొట్టేసింది. ఆన్‌లైన్ నచ్చనివాడు హాలుకెళ్లి కౌంటర్లో కొనుక్కోవచ్చు కదా! సినిమాకైతే ఈ మాట చెల్లుతుంది. కచేరీ దగ్గరకొచ్చేసరికి చిన్న చిక్కు. మైదానంలో స్టేజీ కడతారు, బారికేడ్లు కడతారు, కౌంటరు కట్టడం మాత్రం మర్చిపోతారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా నడిచి దాన్ని వెతుక్కునే స్వేచ్ఛ మనకి ఎలాగూ ఉంది.

ఈ ఊళ్లో ఒకప్పుడు టికెట్ వ్యాపారం ఎంత అధ్వానంగా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. కొత్త సినిమా పడిన రోజు జగదాంబ జంక్షన్‌లో బ్లాక్ టికెట్లు అమ్మేవాళ్లు తిరిగేవారు. ఒక్కడు కాదు, నలుగురైదుగురు. అదే వాళ్ల కొంప ముంచింది. ఒకడు పక్క నుంచి నడుస్తూ "పది యాభై, పది యాభై" అని గొణిగితే, పాన్ డబ్బా వెనక నుంచి లుంగీ మడిచి కట్టిన ఇంకొకడు "నలభైకి రా అన్నా" అనేవాడు. లోపల పేర్లు పడటం మొదలైతే ముప్పై. హీరో ఎంట్రీకి వేసిన ఈలలు రోడ్డు మీదకి వినిపించాయంటే ఇక పని అయిపోయినట్టే. చేతిలో మిగిలిన టికెట్లు అసలు ధరకే, ఒక్కోసారి బతిమాలి మరీ అంటగట్టేవాడు. తెలివైన ప్రేక్షకుడు ఎదురుగా టీ తాగుతూ ఆగేవాడు. ఆగితే ధర తగ్గడమా! వ్యాపారానికి ఇంతకన్నా అప్రతిష్ఠ ఉంటుందా? పైగా పోలీసు జీపు కనబడితే పరుగు. ఇప్పుడు పరుగెత్తే బాధ లేదు. గిరాకీని బట్టి ధర పెంచే పద్ధతి ఏసీ గదిలో కూర్చున్న సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, దాన్ని ఏ కానిస్టేబులూ తరమడు.

ఈ విద్యలో జగద్గురువు అమెరికా. అక్కడ 1976లో పుట్టిన టికెట్‌మాస్టర్, కచేరీలు పెట్టే లైవ్ నేషన్‌తో 2010లో ఒక్కటైంది. కచేరీ ఏర్పాటు చేసేది, ఎన్నో చోట్ల హాలు నడిపేది, టికెట్ అమ్మేది, మనం కొన్న టికెట్ ఇంకొకరికి అమ్ముకుంటే అక్కడా కమిషన్ పట్టేది ఆ ఇంటివాళ్లే. పెళ్లిళ్ల పేరయ్య, కల్యాణ మండపం ఓనరు, వంట కాంట్రాక్టరు ఒక్కడే అయితే ఆడపిల్ల తండ్రి ఎవరితో బేరమాడతాడు? హాళ్లతో ఏళ్ల తరబడి ఒప్పందాలుంటాయి, అక్కడ ఎవరు పాడినా టికెట్ వీళ్ల దగ్గరే. ఫీజులో హాలుకీ వాటా ఉంటుంది కాబట్టి హాలువాడు నోరెత్తడు. పెద్ద కచేరీ వేదికల టికెట్ అమ్మకాల్లో దాదాపు 80 శాతం వీళ్ల గుప్పిట్లోనే ఉందంటూ 2024 మేలో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. విలీనానికి షరతులతో పచ్చజెండా ఊపిందీ ఆ శాఖే. పద్నాలుగేళ్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం, తొందరపాటు అనలేం.

ఎదురు తిరిగినవాళ్లు లేకపోలేదు. 1994లో పెర్ల్ జామ్ అనే రాక్ బ్యాండ్ 18 డాలర్ల టికెట్ మీద ఫీజు డాలరు 80 సెంట్లు దాటకూడదని పట్టుబట్టింది. న్యాయశాఖకి ఫిర్యాదు చేసింది, చట్టసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, మరుసటి ఏడాది టికెట్‌మాస్టర్ లేని వేదికలు వెతుక్కుంటూ టూరుకి బయల్దేరి నానా తిప్పలు పడింది. 1995 జులైలో న్యాయశాఖ విచారణ ఆపేసింది. 1998కల్లా బ్యాండు మళ్లీ అదే గడప తొక్కింది. 2022 నవంబరులో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీ టికెట్ల కోసం ఒక్కరోజే 350 కోట్ల రిక్వెస్టులు రావడంతో సైటు చేతులెత్తేసింది, సాధారణ అమ్మకం రద్దయింది. మరుసటి జనవరిలో సెనేటర్లు కంపెనీ ప్రతినిధిని కూర్చోబెట్టి, స్విఫ్ట్ పాటల్లోని మాటలు విసురుతూ ప్రశ్నలు వేశారు. కచేరీకి టికెట్ దొరకనివాళ్లకి టీవీలో ఉచిత వినోదం. కాస్త ఫలితం సాధించింది ద క్యూర్ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్. 2023లో 20 డాలర్ల టికెట్ మీద ఫీజులు టికెట్‌నే మించిపోతే, ఆయన ఊరుకోకపోవడంతో కంపెనీ టికెట్‌కి 5 నుంచి 10 డాలర్లు వెనక్కిచ్చింది. పాడేవాడు అరిస్తే కొంత కదులుతుందన్నమాట. వినేవాడి అరుపుని వాళ్లు చప్పట్ల కింద జమ కట్టుకుంటారు.

మన దేశంలో 2024 సెప్టెంబరు 22న బ్రిటిష్ బ్యాండు కోల్డ్‌ప్లే ముంబయి కచేరీ టికెట్లకి 1.3 కోట్ల మంది ఎగబడ్డారు. 2,500 నుంచి 35,000 దాకా పెట్టిన టికెట్లు వేరే సైట్లలో లక్షలు పలికాయి. మా వీధి కుర్రాడొకడు ముందుచూపుతో ముంబయి వెళ్లే ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు బుక్ చేసుకున్నాడు. బెర్తు కన్ఫర్మ్ అయింది, కచేరీయే వెయిటింగ్ లిస్టు.

మన రాష్ట్రం వేసిన మందు ఇంకా ఘాటు. 2021లో సినిమా టికెట్ల ధరలు కట్టడి చేసి, పల్లెల్లో కింది తరగతి 5 రూపాయలంది. ఆపైన అమ్మకం ప్రభుత్వ పోర్టల్ చేతుల్లోకి రావాలంది. ప్రైవేటు గుత్తాధిపత్యానికి విరుగుడు సర్కారు గుత్తాధిపత్యం! 2022 జులైలో హైకోర్టు ఆ పోర్టల్ అమ్మకానికి స్టే ఇచ్చింది. కోర్టుకెక్కినవాళ్లలో టికెట్లు అమ్మే యాప్ బుక్‌మైషో ఒకటి. అంతకు ముందు నెలలోనే, హాళ్లతో ప్రత్యేక ఒప్పందాలు కుదుర్చుకుని పోటీని రానివ్వడం లేదన్న ఫిర్యాదు మీద అదే బుక్‌మైషోపై కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకి ఆదేశించింది. పోటీ లేకపోతే ఎంత నష్టమో వాళ్లకన్నా బాగా వివరించగలవాళ్లు ఎవరు?

మొన్న బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి దగ్గర కుర్రాళ్లు ఏకంగా బహిష్కరణ తీర్మానం పెట్టారు. "ఈసారి ఆ యాప్‌లో ఎవడూ కొనొద్దు" అన్నాడొకడు. "మరి ఎక్కడ కొందాం?" అన్నాడు పక్కవాడు. పొట్లం ఖాళీ అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. కూరగాయలవాడు మోసం చేస్తే పక్క కొట్టుకి పోవచ్చు, పాడేది ఒక్కడే, అమ్మేదీ ఒక్కడే అయితే అలిగినవాడే ఇంట్లో కూర్చుంటాడు. చివరికి వాళ్లు బహిష్కరణ మానేసి కోరికల చిట్టా రాశారు. హాలు గానీ మైదానం గానీ ఒక్క యాప్‌కే రాసివ్వకూడదు. టికెట్ తిరిగి అమ్మితే అసలు ధర దాటకూడదు. మొత్తం ఎంతో మొదటి స్క్రీన్ మీదే చూపించాలి.

మొదటి రెండూ నిజంగా ప్రమాదకరమైనవి, అవి వస్తే జగదాంబ రోజులు తిరిగొస్తాయి, ధరలు తగ్గినా తగ్గొచ్చు. ఏ ప్రభుత్వమూ తొందరపడదని నా నమ్మకం. మూడోది పర్వాలేదు. అమెరికాలో 2025 మే నుంచి ఆ నిబంధన ఉంది. చివర్లో ధర పెంచి చూపడాన్ని మన కేంద్రం కూడా 2023 నవంబరులోనే 13 రకాల 'డార్క్ ప్యాటర్న్'లలో, అంటే కొనేవాణ్ని బురిడీ కొట్టించే స్క్రీన్ ఎత్తుగడల్లో, చేర్చి నిషేధించింది. ఫీజు తగ్గించమని మాత్రం ఎవరూ అనలేదు. మూడో స్క్రీన్‌లో రావాల్సిన గుండెదడ మొదటి స్క్రీన్‌లోనే వచ్చేస్తే మనకి రెండు నిమిషాలు కలిసొస్తాయి. అదీ సౌకర్యమే కాబట్టి, దానికింత అని వేసుకోవడానికి కంపెనీలు మొహమాటపడక్కర్లేదు.