గాలికి వేగిన బెండకాయలు

మా ఆయనకి హెచ్‌బీఏ1సీ, అదే మూణ్ణెల్ల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్షలో, 6.2 వచ్చింది. 5.7 దాటితే మధుమేహం గుమ్మంలో నిలబడ్డట్టు, 6.5 అయితే లోపలికొచ్చి కుర్చీ వేసుక్కూర్చున్నట్టు. డాక్టరు గారు అన్నం తగ్గించమన్నారు, జంతికలు మానేయమన్నారు. మొదటి మాట ఈయన చెవికెక్కనేలేదు. రెండో మాటకి మాత్రం గిలగిల్లాడిపోయి, మర్నాటికల్లా ఎయిర్ ఫ్రయర్ తెప్పించారు.

"పైన కాయిల్ ఉంటుందమ్మా, దాని మీద ఫ్యాను. వేడి గాలి గిరగిరా తిరిగి ముక్కల్ని కరకరలాడించేస్తుంది. నూనె ఒక్క చెంచా చాలు" అని అత్తయ్య గారికి పాఠం మొదలెట్టారు. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ అంతా విని, "గాలికీ వేడికీ అయిపోయేదైతే డాబా మీద ఎండబెట్టరా నాన్నా, కరెంటు కలిసొస్తుంది" అన్నారు.

ఆదివారం సాయంత్రం బెండకాయలతో ప్రారంభోత్సవం. వంద గ్రాముల బియ్యప్పిండిలో పిండిపదార్థం 80 గ్రాములట, అదే బరువు బెండకాయల్లో ఏడేనట. నేను బేరమాడుతుంటే మధ్యలో దూరి మరీ చెప్పారీ లెక్క. కూరగాయలబ్బాయి ముచ్చటపడి విన్నాడు గానీ రూపాయి తగ్గించలేదు.

వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. కడిగిన కాయల్ని తుడవకుండానే తరిగేశారు. తడి తగిలిన బెండకాయ ఎంత జిగురు సాగుతుందో వేరే చెప్పాలా! అది చాలనట్టు ఉప్పు ముందే కలిపి పక్కనపెట్టారు. ఉన్న నీరంతా ఊరింది. ఆ కిలో ముక్కల్నీ ఒకేసారి బుట్టలో కుక్కి 180 డిగ్రీలు పెట్టారు. సందు ఉంటేగా గాలి తిరగడానికి? కాసేపాగి బుట్ట లాగితే ముక్కలు ఆవిరికి ఉడికి, ఒకదాన్నొకటి పట్టుకుని తీగలు సాగుతున్నాయి. "ఇంకొంచెం అవ్వాలి" అంటూ 200కి పెంచి, వాసన కోసమని పైన గుప్పెడు కరివేపాకు చల్లారు.

ఫ్యాను గాలికి కరివేపాకు లేచింది. లోపల టపటపమని చప్పుడు. ఎగిరిన ఆకులు కాయిల్‌కి అంటుకుని మాడాయి. వెనకాల సందుల్లోంచి పొగ. ఈయన స్విచ్చి కట్టేయడం మానేసి తువ్వాలుతో విసరడం మొదలెట్టారు. ఎదురింటావిడ పరుగున వచ్చి, "హోమం పెట్టుకున్నారా పిన్నిగారూ? ఒక్క మాటైనా చెప్పలేదేం?" అని అత్తయ్య గారి మీద నిష్ఠూరమాడింది.

ఆవిణ్ణి పంపేసి, మెషీను చల్లారాక కాయిల్‌కి పట్టిన మసి తుడిచాను. ముక్కల్ని పాత పంచె మీద ఆరబోసి, చెంచాడు నూనె పట్టించి, బుట్టలో పల్చగా పరుస్తూ వాయిలు వాయిలుగా వేయించాను. బెండకాయలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే కదా, కిలో కాస్తా చిన్న గిన్నెడయింది. కానీ ఎంత బాగా కుదిరాయో! అంచులు ఎర్రబడి, గింజలు పంటికింద చిటుక్కుమంటున్నాయి.

అత్తయ్య గారు ఓ నాలుగు నోట్లో వేసుకుని, "బాగున్నాయిరా. పప్పుచారులో నంజుకుంటే ఇంకా బాగుంటాయి" అన్నారు.

మధ్యాహ్నం పప్పుచారు మిగిలే ఉంది. నేను కుక్కరు పెట్టాను. ఈయన గిన్నె దగ్గరికి లాక్కుని, పిడికెడన్నంతో మొదలెట్టారు. తర్వాత మారు వడ్డించుకున్నారు. మళ్లీ గరిటె అన్నంలోకి వెళ్తుంటే నేను డాక్టరు గారి పేరెత్తాను.

"బెండకాయల్లో ఏడేనే!" అన్నారు.