గ్రూప్ ఎంచుకునే తెలివి లేదట, పెళ్లికి మాత్రం సిద్ధమట

"ఏ వయసులో మనిషికి ఏం జరుగుతుంది? సైన్స్ చెప్పిన 7 నిజాలు" అనే మెసేజ్ మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులో అయితే ఒకరు పంపింది చూడకుండా ఇంకొకరు పంపుతూనే ఉన్నారు. ఇది తప్పు అని రాస్తే "ఏది తప్పో చెప్పు మరి" అన్నారు. సరే, చెప్తాను.

మెసేజ్ అందనివాళ్ల కోసం క్లుప్తంగా. ఒకటి, మెదడు 25 ఏళ్లకు గానీ పూర్తిగా తయారవదు, అప్పటిదాకా చదువూ ఉద్యోగం పెద్దవాళ్లే నిర్ణయించాలి, 18 నిండకుండా బండి ఇవ్వకూడదు. రెండు, టీనేజ్ పిల్లలు పొద్దున్న లేవకపోవడం వట్టి బద్ధకం, నాలుగింటికి లేపాలి. మూడు, ఆ వయసులో డిప్రెషన్ అనేది ఫోన్లు నేర్పిన వేషం, రెండు తగిలిస్తే పోతుంది. నాలుగు, ఆడపిల్ల శరీరం 16-18 ఏళ్లకే కాన్పుకు సిద్ధం, ఆలస్యం చేస్తేనే సమస్యలు. ఐదు, 30 దాటగానే మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చుచేసే వేగం, సగానికి పడిపోతుంది. ఆరు, 40 తర్వాత మెదడు కొత్త విషయం నేర్చుకోలేదు. ఏడు, 45లో ప్రతి మగాడికీ మిడ్‌లైఫ్ క్రైసిస్, అంటే నడివయసు సంక్షోభం, వస్తుంది, ఇంట్లోవాళ్లు సర్దుకుపోవాలి.

ఐదోది ముందు తేల్చేస్తాను, దానికి ఎక్కువ టైం ఇవ్వక్కర్లేదు. 2021లో హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడి బృందం 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును లెక్కగట్టింది, పుట్టి ఎనిమిది రోజులైన బిడ్డ నుంచి 95 ఏళ్ల పెద్దల వరకు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా అది దాదాపు మారలేదు, 60 తర్వాతే మెల్లగా తగ్గింది. 35కే పొట్ట వస్తే రోజంతా కుర్చీలో కూర్చోవడం గురించీ రాత్రి పదకొండుకు తినే బిర్యానీ గురించీ మాట్లాడుకోవాలి.

ఏడోది కూడా అంతే. మిడ్‌లైఫ్ క్రైసిస్ అనే పేరు ఇలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు 1965లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది, ఆయన చూసింది ఎక్కువగా కళాకారుల జీవితాలు. తర్వాత అమెరికాలో పెద్ద సర్వే చేసి అడిగితే తమకు అలాంటిది వచ్చిందన్నవాళ్లు సుమారు నాలుగో వంతు, అందులో ఆడవాళ్లు కూడా దాదాపు మగవాళ్లంత మందే. కారణం ఏమిటంటే చాలామంది విడాకులనీ, ఉద్యోగం పోయిందనీ, అమ్మానాన్నలు చనిపోయారనీ చెప్పారు. మన ఇళ్లలో 45 ఏళ్ల మనిషి మీద కొడుకు కాలేజీ ఫీజు, తండ్రి గుండె ఆపరేషన్, ఇంటి లోను కంతులు అన్నీ ఒకేసారి పడతాయి, ఆ టెన్షన్ నిజమే. కానీ అదే ఇంట్లో ఆ బరువే మోస్తున్న భార్యను మాత్రం "సర్దుకుపో" అనడానికి సైన్స్‌ను సాక్ష్యం తెచ్చుకోకండి.

ఆరో పాయింటు చదివితే బాధేస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మి మానేసేవాళ్లు ఉంటారు. వార్నర్ షై అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు అవే మనుషులను మళ్లీ మళ్లీ పరీక్షించాడు. ఆలోచించే వేగం యౌవనం నుంచే తగ్గుతూ వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మాటల మీద పట్టు, తర్కించే శక్తి లాంటివి నడివయసులోనే బాగా ఉన్నాయి. 2015లో సుమారు 48,000 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో ఎదుటివాళ్ల కళ్లు చూసి మనసు గ్రహించే నేర్పు 40, 50ల్లో బాగా కనిపించింది, పదసంపద అయితే 60లు దాటాక కూడా. 42 ఏళ్ల మీ చెల్లెలు స్కూటీ నేర్చుకుంటానంటే నేర్పండి, ఆగిపోయిన డిగ్రీ కడతానంటే కట్టనివ్వండి.

రెండోది. యవ్వనం వచ్చే వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, ఒంట్లోని గడియారం రెండు గంటల దాకా వెనక్కి జరుగుతుంది. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదుకు మళ్లీ బెల్. మధ్యలో మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. మా తాతగారు నాలుగింటికే లేచేవారు కదా అంటారు, ఆయన ఎనిమిదిన్నరకే పడుకునేవారని మాత్రం ఎవరూ అనరు.

మూడో పాయింటు రాసినవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది. మానసిక సమస్యల్లో సగం దాకా 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. "వేషం" అని కొట్టిపారేసే ముందు ఆ అంకె ఇంకోసారి చదవండి. పిల్లాడు తిండి మానేసి, ఎవరితో మాట్లాడకుండా వారాల తరబడి ముడుచుకుని కూర్చుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డాక్టరు దూరమైతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మొదటిది. జే గీడ్ లాంటి పరిశోధకులు 1990ల నుంచి పిల్లల మెదడు స్కాన్లు తీస్తూ వచ్చారు, మెదడు ముందుభాగం ఆలస్యంగా ఎదుగుతుందని, ఇరవైల్లో కూడా ఇంకా మారుతూ ఉంటుందని తేలింది. మారుతూ ఉంటుంది అన్నదాన్ని 25వ పుట్టినరోజున పూర్తవుతుంది అన్నట్టు చేసింది వాట్సాప్. 2022లో లక్ష మందికి పైగా స్కాన్లు కలిపి చూస్తే మెదడులో తెల్ల పదార్థం 28-29 ఏళ్ల వరకు పెరుగుతూ ఉంది, బూడిద పదార్థం ఆరేళ్ల లోపే గరిష్ఠానికి చేరింది. ఇందులో ఏ అంకెను పట్టుకుని పిల్లల జీవితానికి తాళం వేస్తారు? 2019లో మన దేశంతో సహా 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల వయసున్న 5,200 మందికి పైగా మనుషులను పరీక్షించారు. నింపాదిగా కూర్చుని ఆలోచించే విషయాల్లో 16 ఏళ్లకే పెద్దవాళ్ల స్థాయి వస్తోంది, ఆవేశాన్ని ఆపుకునే నిగ్రహం మాత్రం ఇంకా ఆలస్యంగా వస్తోంది. ఎంపీసీనా బైపీసీనా అన్నది నింపాదిగా ఆలోచించే విషయమే, ఆ పిల్లనే అడగండి.

ఒక్క మాట మాత్రం ఈ మెసేజ్ సరిగ్గా చెప్పింది, అది బండి సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్, ఆయన తోటి పరిశోధకురాలు 2005లో వీడియో డ్రైవింగ్ ఆట ఆడించి చూస్తే 13-16 ఏళ్ల పిల్లలు పక్కన స్నేహితులుంటే ఒంటరిగా ఉన్నప్పటి కంటే చాలా ఎక్కువ రిస్క్ చేశారు, పెద్దవాళ్లకు ఆ తేడా లేదు. ముగ్గురెక్కిన బైకులు మనం రోజూ చూస్తూనే ఉన్నాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరుకు బండి ఇస్తే తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మా ఇంట్లో కూడా ఇవ్వం. ఇక్కడ నాకూ మెసేజ్‌కూ గొడవ లేదు.

ఇప్పుడు నాలుగోది. ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే. ఒకే మెసేజ్‌లో, మూడు వాక్యాల తేడాతో, 17 ఏళ్ల అమ్మాయికి తను చదివే గ్రూపు ఎంచుకునే మెదడు లేదంటారు, ఒక మగాడితో సంసారం చేసి, బిడ్డను కని, ఒక ఇంటిని నడపడానికి మాత్రం అదే అమ్మాయి సిద్ధమంటారు. పంపినవాళ్లలో ఒక్కరికైనా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని అనిపించలేదా?

రజస్వల అయిందంటే ఎదుగుదల పూర్తయిందని కాదు, మధ్యలో ఉందని. ఎత్తు పెరగడం ఆగాక కూడా కటి ఎముకలు కొంతకాలం పెరుగుతూనే ఉంటాయి, బిడ్డ బయటికి రావాల్సిన దారి అదే. ఎముకల్లో బలం చేరే వయసు అది, ఆ క్యాల్షియం, ఆ ఇనుము కోసం కడుపులో బిడ్డ కూడా పోటీకి వస్తుంది. అసలు మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇరవై దాటినవాళ్లతో పోలిస్తే ఈ వయసు తల్లులకు బీపీ పెరిగి ఫిట్స్ రావడం, కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువ, పుట్టే బిడ్డలు బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టే అవకాశమూ ఎక్కువే.

"మా నానమ్మకు 15కే పెళ్లయింది, పది మందిని కనింది, గట్టిగా ఉంది" అని కింద కామెంట్లు. కాన్పులో పోయినవాళ్ల మనవలు కామెంట్ పెట్టడానికి లేరు. నానమ్మ కన్న పది మందిలో ఎంతమంది బతికారో కూడా ఇంట్లో అడిగి చూడండి. వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన పెళ్లికూతురు కూడా చిన్నపిల్లే, చిన్నతనంలోనే పెళ్లై భర్త పోయిన పిల్ల. ఆ రోజులు బాగుండేవని ఎవరన్నా అంటే వాళ్లకు ఆ రోజులు తెలియవు.

ఆలస్యమైతే సమస్యలన్న మాటలో కొంత నిజం ఉంది. 35 దాటాక గర్భం నిలవడం కష్టమవుతుంది, అది దాచాల్సిన సంగతి కాదు. కానీ ఆ మాట చెప్పాల్సింది 31, 32 ఏళ్ల దంపతులకు. 17కూ 35కూ మధ్య పద్దెనిమిదేళ్లున్నాయి, డిగ్రీ చదివి, ఉద్యోగంలో చేరి, నచ్చిన మనిషిని చూసుకుని, ఇద్దరు పిల్లలను కన్నా ఇంకా మిగులుతాయి.

ఇదంతా పాత సంగతి, ఇప్పుడెవరు చేస్తున్నారు అంటారా? పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5, దేశం మొత్తం మీద 23.3. ఆంధ్రాలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లయినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు కలిపి 12.6 శాతం, దేశ సగటుకు దాదాపు రెట్టింపు. ఎవరి ఇంట్లోనో పదో తరగతి అయిపోయిన అమ్మాయి పైచదువు చదువుతానని ఏడుస్తున్నప్పుడు, మీరు పంపిన ఈ మెసేజే వాళ్ల నాన్న ఫోన్‌లో "సైన్స్ చెప్పింది" అని ఉంటుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలో చేసినవాళ్లకే కాదు, ప్రోత్సహించినవాళ్లకు కూడా రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. మీకు తెలిసినచోట 18 నిండని పిల్లకు ముహూర్తం పెడుతున్నారంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, కోర్టు పెళ్లిని ముందే ఆపగలదు. జరిగిపోయి ఉంటే, దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు తనకు 20 ఏళ్లు నిండేదాకా ఉంటుందని ఆ అమ్మాయికి చెప్పండి.