సవరణ: ఆ పాట డాలీ పార్టన్‌దే
మొన్న అమెరికన్ కంట్రీ (పల్లె బాణీ) గాయని డాలీ పార్టన్ గురించి రాస్తూ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యు’ అసలు విట్నీ హ్యూస్టన్ పాట అని, డాలీ తర్వాత పాడిందని అన్నాను. అది తప్పు, క్షమించండి. రాసిందీ మొదట పాడిందీ డాలీయే. 1967 నుంచి కంట్రీ గాయకుడు పోర్టర్ వ్యాగనర్ టీవీ షోలో పాడిన ఆమె, సొంతంగా నిలబడాలని బయటికొస్తూ ఆయనకు వీడ్కోలుగా రాసిన పాట అది, అందుకే అందులో ఎక్కడా కోపం వినిపించదు. 1974లో కంట్రీ చార్టులో నంబర్ వన్, 1982లో మళ్ళీ పాడితే మళ్ళీ నంబర్ వన్! ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకున్నప్పుడు ఆయన మేనేజర్ పబ్లిషింగ్ హక్కుల్లో (పాట మీద వచ్చే ఆదాయంపై హక్కులు) సగం అడిగితే, ఎంత బాధగా ఉన్నా కుదరదని చెప్పేసింది. ఎంత ధైర్యం కావాలి దానికి! హక్కులు తన దగ్గరే ఉన్నాయి కాబట్టే 1992లో విట్నీ పాడినప్పుడు రాయల్టీ డాలీకి వచ్చింది. పాత పోస్టులో ఆ వాక్యం మార్చేశాను.