ఆ హేలో నీళ్ల మెసేజ్ ఇంక పంపకండి

మా పదో తరగతి గ్రూపులో ఈ వారం ఆరుగురు ఒకే మెసేజ్ పంపారు. "కేంద్రకం చుట్టూ దివ్య తేజోవలయం దొరికింది, అదే లిథియం-11. ఫోన్ బ్యాటరీలు పేలేది దానివల్లే. దాన్ని ఉత్తేజపరిచే ప్రయోగాలు ప్రపంచాన్ని కాల్చేస్తాయి. ఇన్నాళ్లూ పాఠాల్లో చెప్పింది తప్పు. హేలో శక్తి నింపిన నీళ్లు తాగితే క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించుకోనక్కర్లేదు." కింద సీసా ఫోటో, ఫోన్ నంబరు.

అమలాపురంలో ఫిజిక్స్ చెప్పే మనిషిని. ఇది చదివి ఊరుకోలేను.

తేజోవలయం లేదు. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడిని ఇంగ్లీషులో హేలో అంటారు. లిథియం-11లో, అంటే కేంద్రకంలో 11 కణాలున్న లిథియంలో, రెండు న్యూట్రాన్లు మిగతా గుంపుకి దూరంగా పల్చగా పరుచుకుంటాయి కాబట్టి ఆ పేరు పెట్టారు.

బ్యాటరీలో ఉండేది లిథియం-6, లిథియం-7. అంతే.

ప్రపంచం కాలిపోతుందన్న దగ్గర కాస్త ఆగాలి, ఆ ప్రయోగం నాకు చాలా ఇష్టం. కెనడాలోని ట్రయంఫ్ ప్రయోగశాలలో లిథియం-11ని అప్పటికప్పుడు తయారుచేసి, గడ్డకట్టించిన డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) పొర మీదికి పంపారు. దెబ్బ తిన్న డ్యూటెరాన్ (డ్యుటీరియం కేంద్రకం) ఎంత జోరుగా, ఏ కోణంలో ఎగిరిందో కొలిచారు. క్యారమ్స్‌లో కాయిన్ పోయిన తీరు చూసి స్ట్రైకర్ సంగతి చెప్పడం లాంటిదే. లెక్కలో ఎంత శక్తి తగ్గితే అంత శక్తి లిథియం లోపలికి పోయినట్టు. 2015లో అచ్చయిన ఫలితం ప్రకారం అలా శక్తి పుంజుకున్న లిథియం-11 ఉత్తేజిత స్థితి సుమారు 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే బుల్లి కొలమానం) దగ్గర ఉంది. ఆ రెండు న్యూట్రాన్లని ఊడగొట్టడానికి దాదాపు 3.7 లక్షలు చాలు. అందుకే ఆ స్థితికి చేరిన వెంటనే లిథియం-9, రెండు న్యూట్రాన్లుగా విడిపోతుంది. ఆ 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు మన కాలవ గట్టున ఎగిరే ఒక్క దోమ శక్తిలో పది లక్షల్లో ఒక వంతు. దోమకి తగలబడని కోనసీమ దీనికి తగలబడుతుందా?

పాఠాల్లో తప్పుందన్న ముక్క మాత్రం నిజం. కేంద్రకాలన్నీ గట్టి గుండ్లనీ, కణాలు పెరిగే కొద్దీ ఒకే లెక్కన పెరుగుతాయనీ నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. 1985లో ఇసావో తనిహాటా బృందం ప్రచురించిన కొలతలు ఆ లెక్క లిథియం-11కి కుదరదని చూపించాయి. 11 కణాల కేంద్రకం 208 కణాల సీసం అంత మేర పరుచుకుంటుంది. ఒప్పుకుంటున్నాను.

ఇక నీళ్లు. మా పక్కింటి పిన్నిగారికి కాకినాడలో కరెంటు పెడుతున్నారు. 25 విడతల్లో 11 అయ్యాయి. మొన్న ఈ మెసేజ్ చూపించి "మిగతావి మానేసి ఇవి తాగనా, బాబూ?" అని అడిగారు. నాకు కాళ్లు వణికాయి. లిథియం-11లో సగం 9 మిల్లీసెకన్లలోపే మారిపోతుంది. ఇలాంటి హేలోనే ఉన్న బెరీలియం-11 అయినా సగం కావడానికి 14 సెకన్లు పట్టదు. మూత బిగించేలోపే పోయేదాన్ని సీసాలో పోసి, లారీలో రావులపాలెం దాటించి అమ్ముతున్నారా? నిజంగా నింపగలిగినా లిథియం-11 నుంచి వచ్చేది బీటా కిరణాలు, న్యూట్రాన్లు. దాన్ని పిన్నిగారిని తాగమంటారా? కరెంటు మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగొచ్చు. మీరు చదవకుండా నొక్కిన ఆ ఫార్వర్డ్ బాణం ఆవిడ మంచం దాకా వచ్చింది.

గ్రూపులో పంపిన ఆరుగురూ దాన్ని తీసేయండి. ఎవరెవరికి పంపారో వాళ్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి. పిన్నిగారికి పన్నెండో కరెంటు సోమవారం. పొద్దున్న ఆరున్నర బస్సుకి నేనే తీసుకెళ్తున్నాను.